వంతెన మీద నుంచి వదిలేసిన తుపాకీ

గొంతులో చేపముల్లు దిగితే ఉత్తన్నం ముద్ద చేసి మింగమంటాం. ముద్దతోపాటు ముల్లూ జారిపోతుంది. నా గొంతులో ఒకటి దిగి పదేళ్ళు దాటింది. జారలేదు. తినేటప్పుడు గుచ్చుకుంటుంది, నలుగురిలో నవ్వేటప్పుడు గుచ్చుకుంటుంది, ముఖ్యంగా నా మనవరాలు నన్ను "మామ్మా" అని పిలిచినప్పుడు గుచ్చుకుంటుంది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. పాలకొల్లు దగ్గర పల్లె అని మాత్రం చెబుతాను. నేను చదివింది మూడో తరగతి. రాతలో తప్పులుంటే సర్దుకోండి. చేసిన తప్పుని సర్దుకోమని మాత్రం అడగడం లేదు.

నేను పోగొట్టింది ఒక తుపాకీని. కంగారు పడకండి, నిజం తుపాకీ కాదు. టీవీలో ఆడుకునే ఆటలోది. నవ్వుకుంటే నవ్వుకోండి. లేని వస్తువు పోతే ఎవరికి నష్టం అని నేనూ చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకోవడం వల్లే ఇన్నేళ్ళు పట్టింది.

అప్పట్లో మా ఇంట్లో నలుగురం. నేను, నా కొడుకు, కోడలు, మనవరాలు. కొడుకు రొయ్యల మేత కొట్టు చూసుకునేవాడు. పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాకే రావడం. కోడలిది పెద్దాపురం. మనవరాలిని చిట్టి అంటాం. అప్పటికి రెండో తరగతి చదువుతోంది.

నేను కఠినం మనిషిని. ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. పాల ప్యాకెట్లు కడిగి తీగ మీద ఆరేసి దాచేదాన్ని. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే నా కడుపులో తిరిగినట్టుండేది. మావారు పోయినప్పుడు పదకొండో రోజు దాటగానే ఆయన పంచెలు, చెప్పులు, కళ్ళజోడు మూటగట్టి నరసాపురం రేవులో వదిలేయించాను. సైకిలు అమ్మేశాను. పోయినవాళ్ళ వస్తువు ఇంట్లో ఉంటే వాళ్ళకీ దారి దొరకదు, ఉన్నవాళ్ళకీ దొరకదు అని మా అత్తగారు అనేది. నేను నమ్మాను. ఒక్క వస్తువు ఉంచుకోలేదు. ఏడుపు కూడా ఉంచుకోలేదు. అది నా గట్టితనం అనుకుని గర్వపడ్డాను కూడా.

కోడలికి ఒక్కడే తమ్ముడు. కాకినాడలో ఉద్యోగం. పెళ్ళి కాలేదు. ఒకరోజు బండి మీద ఇంటికి వస్తూ లారీ కింద పడ్డాడు. అంతే. కర్మలన్నీ అయ్యాక వాళ్ళమ్మ అతను ఆడుకునే ఆటల పెట్టెని కోడలి చేతిలో పెట్టి పంపింది. మా ముందుగదిలో టీవీ కింద దాన్ని పెట్టుకుంది. నాకు ఆ రోజే నచ్చలేదు. కానీ పుట్టెడు దుఃఖంలో ఉన్న పిల్లని ఏమంటాం?

ఆ ఆట సంగతి చెప్పాలి. పెద్ద యుద్ధం జరిగి లోకమంతా తగలబడిపోయి ఉంటుంది. గాలంతా విషం. మిగిలిన కొద్దిమంది మొహాలకు ముసుగులు తగిలించుకుని, పాడుబడ్డ రైలు స్టేషన్లలో, నేలమాళిగల్లో తలదాచుకుని బతుకుతారు. ఏదీ కొత్తగా తయారవదు. దొరికినదాన్నే బాగుచేసుకుని వాడుకోవాలి. ఒక్క తూటా వృథా చేసినా రేపు ఇబ్బందే. నిజం చెప్పొద్దూ, ఆ పద్ధతి నాకు నచ్చింది. చింతపండు పిక్కలు తీసుకుంటూ చాలాసార్లు చూస్తూ కూర్చునేదాన్ని.

అందులో ఒక తుపాకీ ఉంది. సైనికులు వాడే రకం, వరసగా తూటాలు కురిపించేది. వెనక చెక్క పిడి, పక్కన ఇత్తడి రంగు గీత. ఆట మొత్తంలో ఒక్కటే ఉంటుందట. ఒక్కొక్కరి ఆటలో ఒక్కో చోట దాగి ఉంటుందట. చాలామంది ఆట పూర్తిచేసేస్తారు గానీ దాన్ని కంటితో చూడరట. కోడలి తమ్ముడికి అది దొరికింది. ఆటలో అతని స్థావరంలో ఒక ఇనప్పెట్టె ఉంటే అందులో దాచి పెట్టాడు.

రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక కోడలు టీవీ పెట్టేది. ఆటలోని మనిషిని ఆ ఇనప్పెట్టె దాకా నడిపించేది. మూత తీసేది. తుపాకీ తెర నిండా పెద్దదిగా కనబడి నెమ్మదిగా తిరిగేది. కింద ఏవో ఇంగ్లీషు అక్షరాలు. తయారుచేసిన కంపెనీ పేరేమో అనుకున్నాను. కోడలు దాన్ని అలా చూసేది. ఏడ్చేది కాదు. మూత వేసి టీవీ కట్టేసేది. ఒక్కనాడూ దాన్ని బయటికి తీసి కాల్చలేదు.

"వాడని తుపాకీ ఎందుకమ్మాయ్?" అని ఒకసారి అడిగాను.

"వాడితే అరిగిపోతుంది అత్తయ్యా" అంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగి ఉంటే? ఇంకొక్క మాట, "ఏంటమ్మా దాని కథ" అని అడిగి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. కానీ నేను అడిగే మనిషిని కాదు. తీర్మానం చేసే మనిషిని.

ఏడాది తిరిగింది. సంవత్సరీకాలకు కొడుకూ కోడలూ పెద్దాపురం వెళ్ళారు. మర్నాడు చిట్టికి పరీక్షలు మొదలని దాన్ని నా దగ్గర వదిలేశారు. ఆదివారం. పొద్దున్న చిట్టి ఆట పెట్టుకుని కాసేపు అటూ ఇటూ తిరిగింది. పెట్టె మూత తీసి, తుపాకీని బయటికి తీసి, "మామ్మా, చూడు, మావయ్య తుపాకీ" అంది. చూశాను. మళ్ళీ జాగ్రత్తగా లోపల పెట్టి మూత వేసింది. అదీ చూశాను. గుర్తుపెట్టుకోండి, నేను నా కళ్ళతో చూశాను.

అన్నం తిని పిల్ల నిద్రపోయింది. నేను చింతపండు ముందేసుకుని కూర్చున్నాను. అక్కడ ఈపాటికి పిండాలు పెట్టేసి ఉంటారు అనుకున్నాను. ఏడాదీ పూర్తయింది, అతని దారి అతనిది అనుకున్నాను. తలెత్తితే ఎదురుగా ఆ ఆటల పెట్టె. అతని వస్తువు ఇంకా ఇక్కడే ఉంది. నిజం పెట్టెని నేను తీసి పారేయలేను, కొడుకు ఊరుకోడు. కానీ కోడలిని పట్టుకుని కూర్చున్నది ఈ పెట్టె కాదు కదా. లోపలున్న ఆ తుపాకీ కదా. అది లేకపోతే ఈ పిల్ల లేచి నలుగురితో మాట్లాడుతుంది, కడుపునిండా తింటుంది.

లేచి చేతులు కడుక్కున్నాను. టీవీ పెట్టాను.

నాకెలా వచ్చంటారా? ఏడాదిపాటు రోజూ చూశాను. పైగా చిట్టి నాకు కంట్రోలర్ ఇచ్చి, ఇది నొక్కితే నడుస్తాడు, ఇది పట్టుకుంటే చేతిలో ఉన్నది కింద పడేస్తాడు అని నేర్పింది. నేను గోడలకు గుద్దుకుంటుంటే పడీ పడీ నవ్వేది. ఆ నవ్వుతో నేర్చుకున్న విద్యే ఇలా వాడాను.

స్థావరం బయట విరిగిన వంతెన ఒకటి ఉంటుంది. కింద నల్లటి నీళ్ళు. పెట్టెలోంచి తుపాకీ తీయించి, మనిషిని నడిపించుకుని అక్కడికి తీసుకెళ్ళాను. నాకు చాలాసేపు పట్టింది. అంచున నిలబెట్టి తుపాకీని నీళ్ళలోకి వదిలేశాను. మనసులో దణ్ణం పెట్టుకున్నాను. వెనక్కి తిరిగాను. పోయినవాళ్ళది నీళ్ళలో వదిలాక మనం వెనక్కి తిరిగి చూడం కదా. నేనూ చూడకుండా మనిషిని తిన్నగా లోపలికి నడిపించి, అక్కడున్న బల్ల మీద పడుకోబెట్టాను.

ఆ ఆటలో బల్ల మీద పడుకుంటే అప్పటిదాకా జరిగినదంతా ఖాయమైపోతుంది. పడుకోకుండా టీవీ కట్టేస్తే జరగనట్టే లెక్క, మళ్ళీ మొదలుపెడితే తుపాకీ పెట్టెలోనే ఉంటుంది. ఇది చిట్టి నాకు ఎన్నోసార్లు చెప్పింది. తెలియక చేశానని మీతో అనాలని ఉంది. అనలేను. తెలిసే పడుకోబెట్టాను.

మర్నాడు సాయంత్రం వాళ్ళు వచ్చారు. కోడలు బట్టలు కూడా మార్చుకోకుండా టీవీ ముందు కూర్చుంది. మూత తీసింది. లోపల ఏమీ లేదు. మూసి మళ్ళీ తీసింది. ఆటలోని గదులన్నీ వెతికింది.

"చిట్టీ! ఇలా రా. పెట్టె ఎవరు తీశారు?"

"నేనే అమ్మా. నిన్న పొద్దున్న. చూసి మళ్ళీ పెట్టేశాను."

"పెట్టేస్తే ఏదీ? ఎక్కడ పడేశావో చెప్పు. బయటికి తీసుకెళ్ళావా? ఆటలో ఎవరికైనా అమ్మేశావా?"

"లేదమ్మా, ఒట్టు! పెట్టేశాను!" పిల్ల నా వైపు తిరిగింది. "మామ్మా, నువ్వు చూశావు కదా? నేను లోపల పెట్టేశాను కదా? చెప్పవా!"

నేను అప్పుడు వత్తులు చేసుకుంటున్నాను. తలెత్తలేదు.

"నాకేం తెలుసే ఆ మీటలూ గీటలూ? నా పనిలో నేనున్నాను. నువ్వేం చేశావో ఏమో."

కోడలు పిల్లని కొట్టింది. ఆమె అంతకుముందు ఎప్పుడూ కొట్టలేదు. చెంప మీద ఆ దెబ్బ చప్పుడుకి వత్తి నా చేతిలోంచి జారిపోయింది. పిల్ల ఏడవలేదు. నన్నే చూస్తూ నిలబడింది. కొట్టిన కోడలే నేల మీద కూలబడి ఏడాది ఏడుపు అంతా ఒక్కసారి ఏడ్చింది. నేను వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. తుపాకీని వదిలింది ఆ చేతితోనే కదా.

"ఊరుకోమ్మా. పోయినవాడి వస్తువు. ఏనాటికైనా పోవలసిందే" అన్నాను.

"అది వాడిది కాదత్తయ్యా. నాది."

అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆ ఆట మొదటి భాగం కలిసి ఆడేవారట. ఎండాకాలం సెలవులన్నీ ఆ తుపాకీ కోసమే వెతికారట. దొరకలేదు. పెళ్ళయి ఈమె మా ఇంటికి వచ్చేసింది. తర్వాత ఆటలో రెండో భాగం వచ్చింది. అతను ఒక్కడే వెతికి వెతికి పట్టుకుని ఈమెకు ఫోన్ చేశాడట. "దొరికిందక్కా! దాని మీద పేరు కూడా రాశాను. నువ్వొచ్చి మొదటి గుండు కాల్చేదాకా నేను ముట్టుకోను" అన్నాడట. పనుల్లో పడి ఈమె వెళ్ళలేదు. ఈలోపు అతను పోయాడు.

తుపాకీ కింద ఉన్న ఆ అక్షరాలు కంపెనీ పేరు కాదు. తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. 'అక్కది' అని.

పోయినవాడి వస్తువు అనుకుని నీళ్ళలో వదిలాను. అది బతికున్న మనిషిదండీ. వాడు ఇచ్చేసి వెళ్ళాడు. నేను బతికున్న మనిషి సొమ్మునే నీళ్ళలో పోసి వెనక్కి చూడకుండా వచ్చాను.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, కోడలు ఏడుస్తోంది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఎవరి తప్పు ఎంతో తేల్చింది నేనే. నా తప్పుని తేల్చేవాళ్ళు లేరు. తెరిచిన నోరు మూసుకున్నాను.

అంతటితో ఆగితే ఒక ఎత్తు. నన్ను నిలవనివ్వనిది ఆ తర్వాత జరిగింది. రెండు మూడు రోజులు పోయాక చిట్టి నా పక్కలోకి వచ్చి పడుకుని, "మామ్మా, నేనే పడేశానేమో. సరిగ్గా గుర్తులేదు" అంది. తను చేయని పనిని పిల్ల తనే చేసినట్టు నమ్మడం మొదలుపెట్టింది. నేను చూడలేదన్నాను కాబట్టి, దాని కళ్ళ మీద దానికే నమ్మకం పోయింది. అప్పుడు నేను దాని తల నిమిరి ఏమన్నానో తెలుసా? "పోనీలేవే. చిన్నపిల్లవి. తెలియక చేశావు" అన్నాను.

నేను చేసిన తప్పుకి దాన్ని క్షమించాను. ఇంతకంటే నీచం ఉంటుందా? దెబ్బ తగలడం ఒక క్షణం. ఈ మాట దానికి ఎన్నేళ్ళు తగిలిందో నేను చూస్తూ వచ్చాను.

ఆ తర్వాత అది ఆ ఆట ముట్టుకోలేదు. ఎవరి వస్తువూ ముట్టుకోలేదు. పక్కింటివాళ్ళు చేతికి ఏదైనా ఇచ్చినా "నేను పట్టుకోనండి, పడేస్తాను" అనేది. గ్యాస్ కట్టేశానా లేదా అని వెళ్ళి మళ్ళీ మళ్ళీ చూసుకునేది. బడిలో ఏదైనా పోతే ఎవరూ అడగకముందే తన సంచీ విప్పి చూపించేదట. "ఎంత జాగ్రత్త గల పిల్లండీ, అచ్చం మీ పోలికే" అని వచ్చినవాళ్ళు నాతో అనేవారు. నేను తలూపేదాన్ని. పొగడ్త కూడా ఊరికే పోనివ్వలేదు చూడండి.

అసలు ఎందుకు చేశానో చాలాసార్లు వెతుక్కున్నాను. కోడలి మంచికే అని మొదట అనుకున్నాను. కొంత నిజమే కావచ్చు. కానీ ఇంకోటి ఉంది. ఆమె రోజూ మూత తీసి చూసుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. దుఃఖాన్ని పెట్టెలో దాచుకుని కావలసినప్పుడు తీసి చూసుకోవచ్చని నాకెవరూ చెప్పలేదు. మావారి కళ్ళజోడు ఒక్కటైనా ఉంచుకుంటానని నేను అని ఉంటే ఎవరైనా వద్దనేవారా? ఏమో. నేను అడగలేదు. నేను ఉంచుకోనిది ఇంకొకరు ఉంచుకుంటే ఓర్వలేకపోయాను. రాస్తే తప్ప నాకే ఈ మాట తెలిసేది కాదు.

ఇప్పుడు చిట్టి కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆ ఆటలో మూడో భాగం వచ్చిందట. పోయిన నెల సెలవులకు వచ్చి, ముందుగదిలో ఆ పాతపెట్టె పక్కన కొత్తది పెట్టి కూర్చుంది. పొద్దస్తమానం ఆడింది. పిలిస్తే పలకదు, తిండి ధ్యాస లేదు. ఏంటే ఇంత పిచ్చి అన్నాను. నవ్వింది గానీ చెప్పలేదు.

ఇంకో రెండు రోజుల్లో వెళ్తుందనగా దానికి ఆ తుపాకీ దొరికింది. అదే చెక్క పిడి, అదే గీత. కేకపెట్టి వాళ్ళమ్మని లాక్కొచ్చి కూర్చోబెట్టి కంట్రోలర్ ఆమె చేతిలో పెట్టింది. తెర మీద అవే అక్షరాలు రాసి ఉన్నాయి. ఈసారి నాకు చదవడం వచ్చు.

"అమ్మా, మావయ్య ఇచ్చింది అప్పుడు నేను పోగొట్టేశాను. ఇదిగో. సారీ అమ్మా."

కోడలు దాన్ని దగ్గరికి తీసుకుని, "పిచ్చిదానా, ఎప్పుడో మర్చిపోయాను. చిన్నదానివి, నిన్ను కొట్టాను చూడు, అదే మర్చిపోలేకపోయాను" అంది. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత కోడలు మొదటి గుండు కాల్చింది.

నేను అక్కడే కుర్చీలో ఉన్నాను. ఆ క్షమాపణ నేను అడగవలసింది. ఆ క్షమించడం నాకు దక్కినా దక్కకపోయినా నా పేరున జరగవలసింది. రెండూ నా కళ్ళ ముందే జరిగిపోయాయి, నన్ను దాటుకుని వెళ్ళిపోయాయి. వాళ్ళిద్దరి మధ్యా ఇక బాకీ లేదు. నేను ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకుంటే, ఆ పిల్ల పోగొట్టిందన్న మాట దాని పేరు మీదే శాశ్వతంగా ఉండిపోతుంది. ఆటలో బల్ల మీద పడుకున్నట్టే.

ఇంతవరకూ రాసి కలం పక్కన పెట్టాను. ఇప్పుడే చిట్టికి ఫోన్ చేశాను. మీకు చెప్పిన వరసలో చెప్పలేకపోయాను. తుపాకీ నేనే పడేశానని, నువ్వు లోపల పెట్టడం నేను చూశానని మాత్రం చెప్పాను.

వెనక హాస్టల్లో పిల్లల గోల వినబడుతోంది.

"అయితే నేను పెట్టేశానా మామ్మా?"

"పెట్టేశావమ్మా. జాగ్రత్తగా పెట్టి మూత కూడా వేశావు."

తర్వాత, "అమ్మ నన్ను కొట్టినప్పుడు నువ్వెక్కడున్నావు?" అంది.

"పక్కనే ఉన్నాను."

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేయలేదు. చేయమని నేను అడగను. పెరట్లో కోడలు బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినబడుతోంది. ఆమె లోపలికి రాగానే ఆమెకూ చెప్పాలి. ఏమంటుందో తెలియదు. అయినా కుర్చీ గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.